రాగి చొక్కా హాజరు

మనిషి కుర్చీలో కూర్చునే పదిహేను రోజులు ఆఫీసుకి రాకుండా ఉండగలడా అని ఎవరికైనా సందేహమొస్తే వాళ్ళని నా దగ్గరికి పంపండి. వెళ్ళకుండానే వెళ్ళొచ్చే యోగులు కొందరుంటారు. వచ్చీ రాని ఉద్యోగిని ఈ దేశంలో నేనొక్కణ్ణే.

నా పేరు వంకాయల గవర్రాజు. ఇంటిపేరులో కూర, ఒంటిపేరులో రాజు, మధ్యలో మిగిలింది గుమాస్తా. గవర్నమెంటులో ఇరవైతొమ్మిదేళ్ళుగా ఉన్నాడు కనక గవర్రాజయ్యాడని ఆఫీసులో నన్ను ఆటపట్టిస్తుంటారు. ఆ జోకు కూడా నేనే తయారుచేసి వాళ్ళకి సరఫరా చేశాను. నా నోరు ఊరుకోదు. మాటని అటు తిప్పి ఇటు మడిచి నలుగుర్ని నవ్విస్తే గాని నాకు అన్నం సయించదు. మాటలు తిప్పినవాడికి తిప్పలు తప్పవని పెద్దలెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే దాన్నీ తిప్పేవాణ్ణి.

మాది రాష్ట్ర లోహవస్త్ర ప్రోత్సాహక సంస్థ. నూలుబట్టకి రాగో వెండో పూత పూసి దాంట్లోంచి కరెంటు పారించడం మా పని. నవ్వకండి, ఇది నిజమైన విద్యే. బట్టని ముందు మందునీళ్ళలో ముంచి, తరవాత లోహం కరిగిన ద్రావణంలో నానబెడితే పోగుపోగుకీ సన్నటి లోహం పట్టుకుంటుంది. ఆ బట్టని మడత పెట్టొచ్చు, కత్తిరించొచ్చు, కుట్టుకోవచ్చు. అయినా తీగలాగే కరెంటు మోస్తుంది. దాంతో రోగి గుండె చప్పుడు పట్టే బనీన్లు కుట్టొచ్చుట. మంచుకొండల మీద కాపలా కాసేవాళ్ళకి వెచ్చటి కోట్లు కుట్టొచ్చుట. ఇవన్నీ మా సంస్థ పుస్తకంలో రంగుబొమ్మలతో సహా ఉన్నాయి. పుస్తకంలోనే ఉన్నాయి. మేము కుట్టింది మాత్రం హాజరుపట్టీ.

దానికి మూలం కోటు. మా ఆఫీసులో ప్రతి కుర్చీ వీపుకీ ఒక కోటో, తువ్వాలో, ఏదీ లేకపోతే పాత మఫ్లరో వేలాడుతుండేది. మనిషి కాఫీ హోటల్లో ఉన్నా, మేనల్లుడికి పిల్లని చూడ్డానికి పక్క జిల్లాకి పోయినా, కుర్చీకి కోటుంటే "ఉన్నాడు, ఇప్పుడే ఇలా వెళ్ళాడు" అని అర్థం. మా సూపరింటెండెంటు పరంధామయ్య గారి కోటుని ఆయన ఒంటి మీద చూసినవాళ్ళందరూ రిటైరైపోయారు. పేరుకి తగ్గ మనిషి. ఎప్పుడు అడిగినా పరంధామంలోనే ఉంటారు.

ఈ దురాచారాన్ని రూపుమాపాలని మా డైరెక్టర్ త్రివిక్రమరావు గారు కంకణం కట్టుకున్నారు. ఆయన చెడ్డవారు కాదు. రూలంటే ప్రాణం. ఎదురుగా పులి వచ్చినా అది వచ్చే దారి లోపలికా బయటికా అని బోర్డు చూసి గాని పరిగెత్తరు. ఒకనాడు అందర్నీ సమావేశపరిచారు. అందరూ అంటే నేనూ, అటెండరు మస్తానూ, ఇరవై కోట్లూ.

"కోటు అనునది ఉద్యోగి యొక్క ఉనికికి ప్రత్యామ్నాయము కాజాలదు" అని మొదలెట్టారు డైరెక్టర్ గారు. "ఉనికి అనునది శాస్త్రీయముగాను, నిర్ద్వంద్వముగాను, లోహాత్మకముగాను రుజువు కావలసియున్నది. మన ఉత్పత్తి మన యందే వినియోగింపబడనిచో లోకమేమనుకొనును?"

"లోకం సంగతలా ఉంచండి సార్, లోహమేమనుకుంటుంది?" అన్నాను నేను.

మస్తాను నవ్వాడు. డైరెక్టర్ గారు నవ్వలేదు. రాసుకున్నారు. నా జీవితంలో నా మాటని ఒక అధికారి రాసుకోవడం అదే మొదలు. పొంగిపోయాను. పొంగినవాడు గిన్నెలో ఉండడు కదా. పథకమంతా నేనే రాసిపెడతానన్నాను.

పథకం ఇది. ప్రతి ఉద్యోగికీ రాగిపూత పూసిన నూలు చొక్కా ఒకటి. ప్రతి కుర్చీ వీపుకీ రెండు ఇత్తడి బిళ్ళలు. చొక్కా వేసుకుని వీపు ఆనిస్తే ఒక బిళ్ళ నుంచి రెండో బిళ్ళకి చొక్కా మీదుగా కరెంటు పారుతుంది. డైరెక్టర్ గారి గదిలోని బోర్డు మీద ఆ కుర్చీ పేర దీపం వెలుగుతుంది. కరెంటు చిన్న బ్యాటరీదే, చీమకి కూడా చక్కిలిగిలి పుట్టదు. వీపు లేస్తే దీపం ఆరుతుంది. "వీపు ఆనితే వెలుగు, వీపు లేస్తే తొలుగు" అని నినాదం కూడా నాదే. రంగులద్ది గోడకెక్కించారు.

అక్కడితో ఆగితే నేను గవర్రాజునెందుకవుతాను?

"అందరికీ ఒకటే పూతేవిటి సార్? అటెండరుకీ అధికారికీ తేడా ఉండొద్దా?" అన్నాను.

డైరెక్టర్ గారి కళ్ళు తడిశాయి. అటెండరు చొక్కాకి రాగిలో ఒక్క ముంపు, ఆకుపచ్చ దీపం. గుమాస్తాకి రెండు ముంపులు, పసుపు దీపం. సూపరింటెండెంటుకి మూడు, నీలం. డైరెక్టర్ గారికి అచ్చంగా వెండిపూత, ఎర్రదీపంతో పాటు గంట. ఏ కుర్చీలోనైనా బట్ట ఎంత బాగా కరెంటు మోస్తే అంత పై రంగు దీపం, అంత పెద్ద హోదా. ఇన్నాళ్ళూ హోదాని మేము మోశాం, ఇకనించి చొక్కాలు మోస్తాయి.

నిబంధనలు కూడా నేనే రాశాను. మూడోది: "ఏ కుర్చీ యందు ఏ రంగు దీపము వెలుగునో, ఆ హోదా గల అధికారి ఆ కుర్చీ యందు ఉన్నట్లు పరిగణింపబడును." ఏడోది: "వరుసగా పదిహేను పనిదినములు దీపము వెలగని ఉద్యోగి తన సర్వీసును స్వచ్ఛందముగా వదులుకొన్నట్లు భావింపబడును." ఎనిమిదోది: "దీపము విషయమై నోటిమాటలు స్వీకరింపబడవు." ఆ 'భావింపబడును' రాసేటప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. ఎవరు భావిస్తారో తెలీదు, ఎందుకు భావిస్తారో తెలీదు, పని మాత్రం అయిపోతుంది. తెలుగులో ఇంత నిర్దాక్షిణ్యమైన మాట ఇంకోటి లేదు.

మొదటివారం బోర్డు చూడాలి, దీపావళే. కోట్ల యజమానులు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. కొందర్ని నేను పోల్చుకోలేకపోయాను. "మీరేనాండీ శేషఫణి గారంటే? మీ మఫ్లర్ని బాగా ఎరుగుదును" అని పరిచయాలు చేసుకున్నాం.

రెండోవారం మంగళవారం నాడు పరంధామయ్య గారు నా బల్ల దగ్గరికొచ్చారు.

"గవర్రాజూ, ఒక సందేహవోయ్. దీపం వెలిగేది నా వల్లా, చొక్కా వల్లా?"

"చొక్కా వల్లేనండి."

"మరి మధ్యలో నేనెందుకోయ్?"

ఈ ప్రశ్నకి ఉపనిషత్తుల్లో కూడా జవాబు లేదు. ఆయన తన సీటుకెళ్ళి చొక్కా విప్పి, రెండు బిళ్ళలకీ ఆనేలా కుర్చీకి తొడిగి, బట్టలారేసే క్లిప్పులు రెండు బిగించారు. సంచీలోంచి మామూలు చొక్కా తీసి వేసుకున్నారు. నీలం దీపం చెక్కుచెదరకుండా వెలుగుతోంది. "దేహం వేరు, ఆత్మ వేరు అంటారు చూశావా, ఇదే" అని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

శుక్రవారానికల్లా ఆఫీసంతా ఆత్మజ్ఞానం పాకింది. ప్రతి కుర్చీలోనూ ఒక రాగి చొక్కా, రెండు క్లిప్పులు, మనిషి లేడు. పథకం సాధించినదేమిటంటే కోటు స్థానంలో చొక్కా వచ్చింది. హాజరు నూటికి నూరు. డైరెక్టర్ గారు ఆ సంగతి పైకి రాశారు. పైవాళ్ళు మెచ్చుకుంటూ కిందికి రాశారు. ఆ రెండు ఉత్తరాలూ నేనే టైపు చేశాను. ఎందుకంటే గుమాస్తాల్లో మనిషనేవాడు నేనొక్కణ్ణే మిగిలాను.

నేనెందుకు మిగిలానంటారా? నీతి అనుకుంటే మీ మంచితనం. ఇంట్లో ఉంటే మా ఆవిడ మంగతాయారు పని చెబుతుంది. పైగా నా జోకులకి ఎవరో ఒకరు కావాలి. చొక్కాలు నవ్వవు, ఒప్పుకుంటాను. కానీ మధ్యలో లేచిపోవు.

లోపం ఒక్కటే. వేలాడే చొక్కాలకి చెమట పట్టదు, నాకు పట్టింది. రాగి, చెమట కలిస్తే ఏమవుతుందో పథకంలో రాయలేదు. నెల తిరిగేసరికి చొక్కా వెనక భాగం నల్లబడి, అక్కడక్కడ పచ్చగా చిలుం పట్టింది. నా బనీను పచ్చన, వీపు పచ్చన.

"ఏవిటండీ ఈ పసరు? ఆఫీసులో మిమ్మల్ని ఆకులేసి తోముతున్నారా ఏవిటి?" అంది మంగతాయారు.

"పసరు కాదే, రాగి. చొక్కాకి రాగిపూత."

"రాగా? ఆ ముక్క ముందు చెప్పొద్దూ! మకిలి చొక్కా వేసుకుని రోజూ ఆఫీసుకి పోతుంటే చూడలేక చస్తున్నాను."

ఆ శుక్రవారం దేవుడి గదిలోని రాగి చెంబూ, పంచపాత్రా, ఉద్ధరిణీ తోముతూ వాటితో పాటు నా చొక్కాని కూడా కూర్చోబెట్టింది. చింతపండూ, ఉప్పూ వేసి మెడ నుంచి అంచు దాకా రుద్దింది. రాగి నల్లబడితే చింతపండు, ఇది ఏ తెలుగింట్లోనైనా ఏడేళ్ళ పిల్లకి కూడా తెలుసు. మా సంస్థలో పనిచేసిన శాస్త్రజ్ఞులకే తెలీలేదు. చెంబు తళతళలాడింది. చొక్కా మల్లెపువ్వయింది. చెంబుకి రాగి లోపలి దాకా ఉంటుంది, చొక్కాకి పైపైనే ఉంటుంది అన్న తేడా ఆమెకి తోచలేదు. ఇరవైతొమ్మిదేళ్ళుగా సంస్థలో ఉన్న నాకూ తోచలేదు. పైగా "భేష్, మన చెయ్యి పడితే ఏదైనా మెరుస్తుంది" అని ఇస్త్రీ చేయించుకుని మరీ తొడుక్కున్నాను.

సోమవారం కూర్చుని వీపు ఆనించాను. కాసేపటికి మస్తాను వచ్చాడు.

"అయ్యా, మీ సీటు ఖాళీగా ఉందంట. ఎవురన్నా ఉంటే పిల్చుకురమ్మన్నారు డైరెట్రు గారు."

వీపు ఇంకాస్త గట్టిగా ఆనించాను. అటూ ఇటూ రుద్దాను. చెట్టుకి వీపు గోక్కునే ఎలుగుబంటిలా కనపడ్డానేమో, మస్తాను మర్యాదగా తల పక్కకి తిప్పుకున్నాడు. లాభం లేక డైరెక్టర్ గారి గదిలోకి వెళ్ళాను.

"గవర్రాజు గారూ, ఈ రోజు మీరు రాలేదు" అన్నారాయన.

"వచ్చాను సార్. ఎదురుగానే ఉన్నాను."

"ఎదురుగా ఉండుట వేరు, హాజరై ఉండుట వేరు. బోర్డు చూడండి. మీ హాల్లో ఇరవై దీపాలు వెలుగుతున్నాయి. వెలగనిది మీదొక్కటే."

"ఆ వెలిగేవి చొక్కాలు సార్! నేను మనిషిని!"

"అదే మీతో వచ్చిన చిక్కు. ఎనిమిదో నిబంధన చదువుకోండి."

"చదవక్కర్లేదండి, నేనే రాశాను."

"చక్కగా రాశారు" అన్నారు మనస్ఫూర్తిగా. అంత బాధలోనూ నాకు సంతోషమేసింది. నా బతుకంతా ఇంతే.

"పోనీ ఇంకో చొక్కా ఇప్పించండి సార్."

"దానికి ఇండెంటు పెట్టవలసియుండును. ఇండెంట్లు ఏ సీటు?"

"నాదేనండి."

"ఆ సీట్లో ఎవరున్నారు?"

రూలు ప్రకారం ఆలోచించాను. "ఎవరూ లేరండి" అన్నాను.

"చూశారా మరి!" అన్నారాయన, ఇద్దరం కలిసి ఒక లెక్క సరిగ్గా చేసినట్టు.

ఆ రోజు నుంచి నా గైర్హాజరు నాకు పూర్తికాలపు ఉద్యోగమైపోయింది. రాని గవర్రాజుకి మెమో ఇవ్వాలి. రాయడానికి ఎవరున్నారు? నేనే. రాశాను. చేతిలోకి కలం వచ్చాక మొహమాటపడే రకం కాను కదా, "తమ బాధ్యతారహిత ప్రవర్తన తీవ్రముగా పరిగణింపబడుచున్నది" అని దంచాను. మెమోని ఆయన ఇంటికి చేర్చాలి. "వారి ఇల్లు మీకు తెలియునా?" అన్నారు డైరెక్టర్ గారు. మా దారిలోనేనండి అన్నాను. ఇంటికి పట్టుకెళ్ళి, అందినట్టు సంతకం పెట్టి, పొద్దున్నే సంజాయిషీ రాసి, ఆఫీసుకి తెచ్చి, ముద్ర కొట్టి, నంబరు వేసి, నోటు పెట్టాను. "సంజాయిషీ తృప్తికరముగా లేదు" అని. ఏం చెయ్యను, నిజంగానే లేదు. వాడు విషయం వదిలేసి మాటలతో ఆడుకున్నాడు.

ఫోను మోగితే ఎత్తేది నేను. "గవర్రాజు గారున్నారాండీ?" అంటే "లేరండీ, వారం రోజులుగా రావట్లేదు" అనేవాణ్ణి. ఒకాయన "ఏవన్నా ఒంట్లో బాలేదా పాపం?" అని అడిగితే, వినపడలేదని చెప్పి ఇంకోసారి అడిగించుకున్నాను. ఇరవైతొమ్మిదేళ్ళలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

రోజులు దగ్గరపడేకొద్దీ నవ్వు తగ్గింది. ఏడో నిబంధన చెప్పిన పదిహేను రోజుల్లో పన్నెండు అయిపోయాయి. ఇంటికెళ్తే మంగతాయారు కంచం ముందు పెట్టి పక్కకి తిరిగి కూర్చునేది. "ఈ చేత్తోనే మీ ఉద్యోగం తోమేశాను కదండీ" అనేది. పెళ్ళిచూపుల్లో వాళ్ళ నాన్న నన్ను చూసి మొహం చిట్లిస్తే, "గవర్నమెంటు నాన్నా" అని తలుపు వెనకాల నుంచి నా తరఫున మాట్లాడింది ఈమె. నాకింకే అర్హతా లేదప్పుడు. ఇప్పుడూ లేదు. ఆ ఒక్కటీ పోతే ఆవిడ మాట పోతుంది.

పదమూడో రోజు కాఫీ హోటల్లో పరంధామయ్య గారి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను.

"ఒక్క పూటండి. మీ చొక్కా అరువివ్వండి. ఒక్కసారి దీపం వెలిగితే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది."

"చొక్కా ఇస్తే నీ కుర్చీలో నీలం దీపం వెలుగుతుంది. నా కుర్చీలో చీకటి. ముప్పై ఏళ్ళుగా ఒక్కరోజు గైర్హాజరు లేనివాణ్ణోయ్ నేను! పోయే వయసులో ఈ మచ్చ నాకెందుకు చెప్పు?"

"ముప్పై ఏళ్ళలో మీరెప్పుడొచ్చారండీ?"

"రావడానికీ హాజరుకీ సంబంధవేవిటోయ్? రూలు రాసినవాడివి, నీకు తెలీదూ?" అని నా కాఫీ కూడా తాగేశారు.

మిగతా గుమాస్తాలదీ అదే పాట. ఏ చొక్కా కదిపినా ఎవరిదో ఒకరి దీపం ఆరుతుంది.

పదిహేనో రోజు పొద్దున్న మంగతాయారు పెట్టె అడుగు నుంచి ఒక కండువా తీసింది. మా పెళ్ళికి వాళ్ళ నాన్న వెంకటగిరిలో దగ్గరుండి నేయించినది. మంచి నూలు, జానెడు అంచు నిండా అసలు వెండి జరీ.

"మీ ఆఫీసుకి కావలసింది బట్ట మీద లోహవే కదండీ? ఇది లోహం కాదూ? మీ డైరెక్టరు పుట్టకముందు నుంచీ మనవాళ్ళు నేస్తున్నదే కదా. వీపు మీద పడేలా వేసుకుని కూర్చోండి."

సంస్థ పెట్టి ఇన్నేళ్ళయింది. ఒక్క శాస్త్రజ్ఞుడూ ఈ మాట అనలేదు. కండువా వేసుకుని వెళ్ళాను. కుర్చీలో కూర్చుని, జరీ అంచు రెండు బిళ్ళల మీదా పడేలా సర్దుకుని, కళ్ళు మూసుకుని వీపు ఆనించాను.

గంట మోగింది.

మస్తాను పరిగెత్తుకుంటూ వచ్చి నాకు సలాం కొట్టాడు. "అయ్యా... సార్... బోర్డు మీద మీ కుర్చీ పేర ఎర్రదీపం వెలిగిందండి! డైరెట్రు గారి దీపం!"

అవును మరి. రాగిపూత కన్నా వెండి జరీ బాగా కరెంటు మోస్తుంది. మూడో నిబంధన ప్రకారం నా కుర్చీలో డైరెక్టరున్నారు. అసలు డైరెక్టర్ గారి సంగతేమిటంటే, ఆయన వెండి చొక్కా వానాకాలం గాలికి కొద్దికొద్దిగా నల్లబడుతూ వస్తోంది. చూసినవాళ్ళున్నారు, చెప్పినవాళ్ళు లేరు. ఆ ఉదయం పది గంటల నుంచీ ఆయన తన కుర్చీలో వీపు రుద్దుతూనే ఉన్నారట. గంట మోగలేదు.

నేను తలుపు తోసేసరికి లేచి నిలబడి ఉన్నారు. ముఖం పాలిపోయింది. అయినా చేతులు కట్టుకుని, "దయచేయండి సార్" అన్నారు.

"అయ్యయ్యో, మీరలా అనకూడదు సార్!"

"నేను ఈ రోజు రాలేదు. రాని మనిషి ఈ కుర్చీలో కూర్చొనుట నేరము. మూడో నిబంధన తమకు తెలియనిది కాదు." ఆయన గొంతు వణికింది గాని రూలు వణకలేదు. ఆ క్షణంలో ఆయన మీద నాకు నిజంగానే గౌరవం కలిగింది. తన మీద పడ్డా రూలుని రూలన్నారు.

పెద్ద కుర్చీలో కూర్చున్నాను. కండువా ఆనింది, గంట మోగింది. మెత్తటి కుర్చీ. ఇందులో కూర్చున్నవాడికి కింద ఏం జరుగుతోందో తగలకుండా ఇంత దూది కూరారని అప్పుడు తెలిసింది. మస్తాను కాఫీ తెచ్చాడు. అడగకుండానే.

బల్ల మీద ఉన్న ఫైలు ఒకటే. పైన నా దస్తూరీ. "శ్రీ వంకాయల గవర్రాజు, గుమాస్తా. పదిహేను దినముల గైర్హాజరు. సర్వీసు ముగింపు. ఉత్తర్వుల నిమిత్తము." నిన్న సాయంత్రం ముందుగానే తయారుచేసి నేనే పెట్టాను. సాయంత్రం అయిదు లోపల డైరెక్టరు హోదాలో 'గైర్హాజరు మాఫీ చేయడమైనది' అని మూడు మాటలు రాసి సంతకం పెడితే నా ఉద్యోగం నాకుంటుంది. ఆ పక్కనే ఇంకో వాక్యం రాస్తే చొక్కాల పథకమే పోతుంది.

మూడింటికి మంగతాయారు ఫోను చేసింది. "పనిచేసిందా కండువా?"

"పనిచెయ్యడవేవిటి, నన్ను డైరెక్టర్ని చేసేసింది."

"అయ్యబాబోయ్! అయితే మీ కాయితం మీ ముందుకే వచ్చి ఉంటుంది కదండీ. రాసేశారా?"

"రాస్తున్నా, రాస్తున్నా. తొందరపెట్టకు. పరిశీలించాలి కదా" అని పెట్టేశాను. ఆ గొంతు నాది కాదు. ఎవరిదో బరువైన గొంతు.

కలం మూత తీశాను. సొంత విషయంలో సొంతంగా ఉత్తర్వు ఇవ్వొచ్చా? రేపు పైవాళ్ళు ప్రశ్నించరూ? పైగా నోటు చూస్తే 'సంజాయిషీ తృప్తికరముగా లేదు' అని స్పష్టంగా ఉంది. కింది సిబ్బంది అంత స్పష్టంగా రాశాక కాదనడానికి కారణం చూపించాలి. కారణం ఏదీ ఫైల్లో లేదు. ఆలోచిస్తుండగానే కలం దానంతటది కదిలింది. చూసుకుంటే నోటు పక్కన "చర్చించండి" అని ఉంది. కింద పొడి సంతకం.

పక్కన నిలబడ్డ త్రివిక్రమరావు గారు వంగి చూసి, "ఎంత అనుభవం సార్! నేనైనా ఇదే రాసేవాణ్ణి" అన్నారు. నాకు ఒళ్ళు గాల్లో తేలింది.

మస్తాను ఫైలు పట్టుకెళ్ళాడు. పది నిమిషాల్లో తిరిగొచ్చాడు.

"అయ్యా, ఈ ఫైలు పరంధామయ్య గారి సీటు కాడ పెట్టానండి. అక్కడ చొక్కా ఉంది, ఏం పలకలేదు. ఇక ఆ గుమాస్తా గారి సీటుకి తీసుకెళ్ళానండి. అక్కడ ఎవురూ లేరు."

గడియారం చూశాను. అయిదు కావడానికి పావుగంట ఉంది. ఒళ్ళు మండిపోయింది నాకు. పైనుంచి చర్చించమని రాస్తే చర్చించడానికి మనిషి లేకపోవడమేమిటి?

"ఎక్కడికి పోయాడయ్యా వాడు?" అని బల్ల గుద్దాను.

మస్తాను నన్ను చూశాడు. గోడకేసి చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. "పదిహేను రోజులుగా రావట్లేదంటండి" అన్నాడు నెమ్మదిగా. "అయ్యా, ఒకమాటు మీరు అద్దంలో..."

"నోటిమాటలు స్వీకరింపబడవు!" అన్నాను. "ఇలాంటి వాళ్ళ వల్లే సంస్థలు ఇలా తగలడ్డాయి. తే ఇలా."

ఏడో నిబంధన ప్రకారం ఉత్తర్వు రాసి, కింద పూర్తి సంతకం పెట్టాను. నాలుగూ యాభై ఎనిమిది. త్రివిక్రమరావు గారు సంతృప్తిగా తలాడించారు. రెండు నిమిషాల తరవాత ఆఫీసు వేళ ముగిసింది. వీపు లేపాను. ఎర్రదీపం ఆరింది. నాకు మెలకువొచ్చింది.

ఇంటికి వెళ్ళేసరికి మంగతాయారు గుమ్మంలోనే నిలబడి ఉంది. నా ముఖం చూడగానే అర్థమైపోయింది.

"తీసేశారా?"

"ఆఁ."

ఆమె నా భుజం మీద నుంచి కండువా తీసి, జరీ నలగకుండా మడత పెట్టడం మొదలెట్టింది. అప్పుడు కోపం వచ్చింది.

"ఇరవైతొమ్మిదేళ్ళు గొడ్డులా చేసిన మనిషిని! చేతులెలా ఆడాయండీ ఆయనకి? ఎవడండీ ఆ దుర్మార్గుడు?"

"కొత్తాయనే" అన్నాను. "పొద్దుటిదాకా మంచివాడే."